నీటి నడిమి విడిది

నీటి మధ్య ఒక దీవి, దాని మీద మనదే అయిన ఇల్లు, సెలవులు రాగానే పిల్లాపాపలతో పడవెక్కి వెళ్ళి పదిరోజులు హాయిగా ఉండి రావడం. ఇటువంటి ముచ్చట ఎవరికి ఉండదు? అందులోనూ మన తిరుచ్చులి, అరుప్పుక్కోట్టై, కోవిల్‌పట్టి నల్లరేగడి సీమలో పుట్టి, ఐప్పసి వానల కోసం ఆకాశం వైపు చూస్తూ పెరిగిన వారికి నిండిన చెరువే ఒక పండుగ. మనలో కాస్త కలిగినవారు సారల్ కాలంలో కుట్రాలం వెళతారు. ఇంకా కలిగినవారు కొడైకానల్‌లో ఇల్లు కొంటారు. దీవి మీద ఇల్లు మాత్రం రాజులకూ జమీందారులకూ చెల్లింది.

అటువంటి ఇల్లు ఒకటి ఒకప్పటి మద్రాసు రాజధానిలోనే, తెలుగువారి ఉత్తరపు పొలిమేరలో ఉండేది. బ్యాంకు ఉద్యోగరీత్యా మూడేళ్ళు ఒడిశాలోని బరంపురంలో పనిచేసినప్పుడు నేను దాన్ని చూశాను. చూశాను అంటే మిగిలిన గోడలను చూశాను. ఆ ఇంటి కథలో మన కుటుంబాలకు పనికివచ్చే సంగతి ఒకటి ఉన్నదని తోచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఫలహారపు దీవి

బరంపురం మనవాళ్ళకు పరాయి ఊరు కాదు. మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి గారు 1894లో పుట్టినది అక్కడే. బజారులోనూ బ్యాంకు కౌంటరు దగ్గరా తెలుగు ధారాళంగా వినిపిస్తుంది. తెలుగు సీమకు మనం దక్షిణపు అంచు అయితే వారు ఉత్తరపు అంచు. నా అరవ యాస తెలుగుకు వారు నవ్వేవారు, వారి ఒడియా కలిసిన తెలుగుకు నేను నవ్వేవాణ్ణి. అంతలో కాఫీ వచ్చేది, స్నేహం కుదిరేది.

అక్కడి నుంచి గంట ప్రయాణంలో రంభ అనే చిన్న ఊరు ఉంది. చిలక సరస్సుకు అది దక్షిణపు కొస. సముద్రపు ఉప్పునీరూ నదుల మంచినీరూ కలిసే ఈ సరస్సు ఎండాకాలంలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు ఉంటుంది, వానకాలంలో 1,165 దాకా పెరుగుతుంది. చలికాలంలో లక్షల కొద్దీ వలసపక్షులు దిగుతాయి. అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రాంసర్ జాబితాలోకి 1981లో మన దేశం నుంచి మొదట ఎక్కిన రెండింటిలో చిలక ఒకటి, రెండవది రాజస్థాన్‌లోని భరత్‌పూర్.

రంభ దగ్గర పడవ ఎక్కితే కొండల నీడలో చిన్నచిన్న దీవులు కనిపిస్తాయి. ఒకదాని పేరు బర్కుడ. జంతుశాస్త్రవేత్త అనండేల్ 1917లో కాళ్ళు లేని ఒక వింత బల్లి జాతిని వర్ణించి, ఆ దీవి పేరే దానికి పెట్టాడు. ఇంకొక చోట వట్టి బండరాయి మీద ఒక గదీ దానిపైన కోసుగా లేచిన స్తంభమూ ఉన్నాయి. కుంఫిణీ కాలంలో గంజాం కలెక్టరుగా ఉన్న స్నాడ్‌గ్రాస్ దొర కట్టించినది. దాని కొసన దీపం పెట్టాలని ఆయన అనుకున్నాడట.

ఆ పక్కనే బేరిపండు ఆకారంలో, పచ్చని చెట్లతో నిండిన దీవి సంకుడ. దొరల కాలం నుంచి దానికి 'బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్' అని పేరు. అంటే ఫలహారపు దీవి. ఖల్లికోట రాజావారు అక్కడ బంగళా కట్టించారు. ఒడ్డు నుంచి పడవలో రావడం, నీటిగాలిలో ఫలహారం చేయడం, పొద్దెక్కేదాకా కాలక్షేపం చేయడం. ఎంత చక్కటి ఊహ! నేను వెళ్ళిననాటికి పైకప్పు లేదు. గోడల సందుల్లోంచి చెట్లు మొలిచాయి. గడప ఉన్న చోట గడ్డి. మమ్మల్ని తీసుకువెళ్ళిన పడవతను, "లోపలికి పోకండి బాబూ, పాములుంటాయి" అని బయటే ఆపేశాడు.

ఒడ్డున ఉన్న పెద్ద ఇల్లు

దీవిలోని బంగళాను అర్థం చేసుకోవాలంటే ఒడ్డున ఉన్న రంభ భవనం సంగతి తెలియాలి. దాన్ని కూడా 1790ల మొదట్లో స్నాడ్‌గ్రాస్ దొరే కట్టించాడు. కలెక్టరు జీతానికి మించిన భవనం అది. ఆయన గురించి గంజాంలో ఒక కథ చెబుతారు. కుంఫిణీవారు ఆయన్ని ఉద్యోగం నుంచి తీసివేసి పింఛను నిరాకరిస్తే, ఆయన లండన్ చేరి, కుంఫిణీ కచేరీ ఎదుట వీధిలో చీపురు పట్టి ఊడవడం మొదలుపెట్టాడట. ఆ పరువు తక్కువ భరించలేక పింఛను ఇచ్చారట! నిజమెంతైనా, బ్యాంకు పింఛనుకు దగ్గరపడుతున్న నాబోటివాడికి ఈ కథ మహా ఇష్టం.

తరువాత రంభ భవనం ఖల్లికోట జమీందారుల చేతికి వచ్చింది. వారు ఒడియా రాజులు. అయినా గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేది గనుక వారి ప్రజల్లోనూ వ్యవహారాల్లోనూ తెలుగు బాగా కలిసి ఉండేది. బరంపురంలోని పేరుమోసిన ఖల్లికోట కళాశాలకు ఆ పేరు రాజా హరిహర మర్దరాజ్ గారి దాతృత్వం వల్ల వచ్చింది.

విడిది ఇల్లు ఒక్కొక్కప్పుడు విడిదికి మించిన పని చేస్తుంది. ఒడియా మాట్లాడేవారందరినీ ఒక రాష్ట్రం కిందికి తేవాలన్న ఉద్యమానికి నాంది పలికిన సంప్రదింపులు ఈ రంభ భవనంలో జరిగాయని ఒడిశా చరిత్ర చెబుతుంది. 1903 డిసెంబరు చివర కటకంలో ఉత్కళ సమ్మేళనం తొలి సభ జరిగింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. గంజాం జిల్లాలో చాలా భాగం అటు వెళ్ళింది. శ్రీకాకుళం, టెక్కలి వైపు భాగం మద్రాసు రాజధానిలోనే మిగిలి విశాఖపట్నం జిల్లాలో కలిసింది. బరంపురం తెలుగువారు ఇల్లు కదలకుండానే పొరుగు రాష్ట్రంవారు అయ్యారు. మన పూర్వులు నడిచి దక్షిణానికి వచ్చి పొరుగువారయ్యారు. వారి విషయంలో నడిచి వచ్చింది సరిహద్దు.

గోడలు ఎందుకు కూలాయి?

నేను కామర్సు చదివినవాణ్ణి, ముప్పై ఏళ్ళుగా అప్పుల దరఖాస్తులు చూస్తున్నవాణ్ణి. కూలిన బంగళా చూసినా నాకు కవిత్వం రాదు, ఖర్చు లెక్క వస్తుంది.

దీవి మీద ఇల్లంటే ప్రతి ఇటుకా, ప్రతి సున్నపు బస్తా పడవ మీద రావాలి. ఒడ్డున ఒక రూపాయి అయ్యే పనికి అక్కడ ఒకటికి రెండు అవుతుంది. చిలక గాలిలో ఉప్పు ఉంటుంది. అది ఇనుమును తినేస్తుంది, గారను రాలుస్తుంది. ఒక పిట్ట వేసిన రావి విత్తనం చాలు, పదేళ్ళలో గోడ రెండుగా చీలుతుంది. ఇంటివారు ఏడాదిలో పదిహేను రోజులు ఉంటారు. కాపలావాడికీ పడవవాడికీ మాత్రం పన్నెండు నెలల జీతం ఇవ్వాలి. అన్నిటికీ మించి, ఆ ఇల్లు పైసా సంపాదించదు. దాని ఖర్చంతా మరొక చోటి ఆదాయం మోయాలి.

జమీందారులకు ఆ మరొక చోటు రైతుల శిస్తు. స్వతంత్రం వచ్చాక మద్రాసులో 1948 చట్టంతోనూ ఒడిశాలో 1951 చట్టంతోనూ జమీందారీలు పోయాయి. రైతుకు న్యాయం జరిగింది, అందులో సందేహం లేదు. కాని సొంత నివాసాలు జమీందారుల చేతిలో మిగిలినా, వాటిని పోషించిన శిస్తు ఆగిపోయింది. ఏనుగును కొని అంకుశానికి కొసరాడినట్లు అంటారు. ఇక్కడ అంకుశానికే డబ్బు లేక ఏనుగు పడుకుంది. ఇటువంటి సమయంలో ఏ కుటుంబమైనా ముందు ఉండే ఇంటిని కాపాడుకుంటుంది, తరువాత పిల్లల చదువులు చూసుకుంటుంది. దీవి మీద ఫలహారం చివరికి వస్తుంది. ఖల్లికోట వంశం ప్రజాజీవితంలో చురుకుగానే ఉంది. ఆ ఇంటి కోడలు వి. సుజ్ఞానకుమారి దేవ్ గారు పదిసార్లు శాసనసభకు ఎన్నికై 2023లో కన్నుమూశారు. వంశం నిలిచింది, దీవి బంగళా నిలవలేదు. ఒడ్డున ఉన్న రంభ భవనానికి మాత్రం ఇటీవలి సంవత్సరాలలో మంచి మరమ్మతులు జరిగి, అతిథులకు విడిది హోటలుగా తెరుచుకున్నది.

ఇల్లే కాదు, సరస్సుకు కూడా పోషణ కావాలి. మట్టి మేటలు వేసి, సముద్రపు మొగ పూడిపోయి, ఉప్పు తగ్గి, చేపలు తగ్గి, 1993లో చిలక ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల పట్టికలోకి వెళ్ళింది. చిలక అభివృద్ధి సంస్థ పూనుకొని 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వించింది. ఉప్పునీరు తిరిగి వచ్చింది, చేపలు వచ్చాయి, 2002లో ఆ పట్టిక నుంచి పేరు తీసేశారు. దేవుడిచ్చిన సరస్సుకే మేనేజరు కావలసి వస్తే, తాతలిచ్చిన ఇంటికి అక్కరలేదా?

అదే చిలకలో మరో దీవి ఉంది. దాని మీద కాళీజాయి అమ్మవారి గుడి. అత్తవారింటికి పడవలో వెళుతూ తుఫానులో మునిగిపోయిన జాయి అనే పెళ్ళికూతురే అమ్మవారైందని అక్కడి జాలరుల నమ్మకం. మకర సంక్రాంతికి పడవల మీద జనం తండోపతండాలుగా వస్తారు. ఆ గుడికీ అదే ఉప్పుగాలి, అదే తుఫాను. అయినా దీపం వెలుగుతూనే ఉంది. తేడా ఏమిటని ఆలోచిస్తే నాకు తట్టింది ఇది: బంగళా కొందరి సంతోషం కోసం కట్టినది, గుడికి ఏటా ఒక రోజు ఉంది. ఆ రోజుకు ముందు ఎవరో ఒకరు వచ్చి సున్నం వేయక తప్పదు.

ఉదయపూర్ దారి

దీవి విడిదిని నిలబెట్టుకోవడానికి మరొక దారి వ్యాపారం. రాజస్థాన్‌లోని ఉదయపూర్‌లో పిచోలా సరస్సు మధ్య రాణా రెండవ జగత్ సింగ్ 1743 నుంచి 1746 వరకు జగ్ నివాస్ అనే వేసవి భవనం కట్టించాడు. యువరాజుగా ఉన్నప్పుడు పక్కనున్న జగ్ మందిర్ దీవిలో విలాసంగా గడపాలని అడిగితే తండ్రి ఒప్పుకోలేదనీ, అంత సరదా ఉంటే నీ సొంతానికి కట్టుకో అన్నాడనీ కథ. నాలుగు ఎకరాల దీవి, అంతా తెల్లని భవనం, చుట్టూ నీళ్ళు.

రెండు శతాబ్దాలు గడిచేసరికి అదీ శిథిలమవుతూ వచ్చింది. మహారాణా భగవత్ సింగ్ గారు గట్టిగా ఆలోచించి దాన్ని హోటలుగా మార్చి 1963లో తెరిచారు. 1971లో నిర్వహణ తాజ్ వారికి అప్పగించారు. రాజభరణాలు రద్దయినది కూడా ఆ 1971లోనే. 1983లో జేమ్స్ బాండ్ సినిమా 'ఆక్టోపస్సీ'లో కనిపించి ప్రపంచమంతా ఎరిగిన భవనమైంది. భవనం తన తిండి తాను సంపాదించుకోవడం నేర్చుకుంది.

కాని భవనం నిలిచినంత తేలికగా బంధుత్వం నిలవలేదు. అదే 1983లో పెద్దకుమారుడు మహేంద్ర సింగ్ గారు కుటుంబ ఆస్తుల విషయమై కోర్టుకు వెళ్ళారు. 1984లో తండ్రి పోయారు. జిల్లా కోర్టు తీర్పు వచ్చేసరికి 2020. ఆదాయం వచ్చే ఆస్తికి ఈ చిక్కు ఉంది. రాబడి లేని ఇంటిని అందరూ మరచిపోతారు, రాబడి ఉన్న ఇంటిని ఎవరూ వదలరు.

మదురై దారి

మూడవ దారికి మనం దూరం వెళ్ళనక్కరలేదు. తిరుచ్చులి నుంచి మదురై ఎంతసేపు! మదురై ఏలిన తెలుగు నాయక వంశానికి వేసవి విడుదులకు కొదవలేదు. రాణి మంగమ్మాళ్ వేసవి భవనమైన తముక్కంలోనే 1959 నుంచి గాంధీ స్మారక సంగ్రహాలయం నడుస్తున్నది. ఆ వంశంలో ప్రసిద్ధుడైన తిరుమల నాయకుడు 1645లో తవ్వించిన వండియూర్ మారియమ్మన్ తెప్పకుళం మనలో చూడనివారు ఉండరు. ఒక్కొక్క వైపు ఇంచుమించు వెయ్యి అడుగులు, నట్టనడుమ దీవి, దానిపై చెట్ల మధ్య మండపం. తన మహలు ఇటుకలకు మట్టి తీసిన గోతినే రాజు కోనేరుగా మలిచాడని చెబుతారు. అప్పుడు దొరికిన పెద్ద వినాయకుడే మీనాక్షి గుడిలోని ముక్కురుణి వినాయకర్ అని స్థలపురాణం.

ఆ దీవిని రాజు తన విలాసానికి ఉంచుకొని ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. ఆయన దానికి ఒక రోజు పెట్టాడు. తాను పుట్టిన పూసం నక్షత్రం రోజు, తై మాసంలో, మీనాక్షీ సుందరేశ్వరులు తెప్ప మీద ఆ దీవి చుట్టూ తిరగాలని. నాయక రాజ్యం 18వ శతాబ్దంలోనే పోయింది. నవాబులు వచ్చారు, కుంఫిణీ వచ్చింది, అందరూ వెళ్ళారు. తెప్పోత్సవం ఉంది. వైగైలో నీళ్ళు లేక కోనేరు ఎండిపోయిన ఏళ్ళలో కూడా తెప్పను నిలిపిన చోటే నిలిపి పూజ జరిపారు. పిల్లలు ఆ ఎండిన గుండంలో క్రికెట్ ఆడేవారు. ఇటీవల కాలువ బాగుచేయడంతో మళ్ళీ నీళ్ళు నిలుస్తున్నాయి. నీళ్ళు లేని ఏడాది కూడా రోజు తప్పలేదు, నా దృష్టిలో అదే ఆ కోనేటి బలం.

మన ఇళ్ళ సంగతి

ఇక మన దగ్గరకు వద్దాం. మనకు దీవులు లేవు. కాని ఊళ్ళో తాతలనాటి ఇల్లు, బావి తోట, చింతతోపు లేని కుటుంబం మనలో అరుదు. పిల్లలు చెన్నైలో, కోయంబత్తూరులో, అమెరికాలో. ఊరి ఇల్లు వారికి దీవి వంటిదే. ఏడాదికి ఒకసారి వెళ్ళేది, పైసా సంపాదించనిది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినట్లు, అందరిదీ అయిన ఇంటికి ఎవరూ పెంకు మార్చరు.

బ్యాంకులో నా ఎదుట కూర్చున్నవారిలో ఎంతమందో పట్టా ఇంకా తాతగారి పేరనే ఉన్నవారు. వారసు సర్టిఫికెట్ ఉండదు, విల్లంగ సర్టిఫికెట్ తీసి ముప్పై ఏళ్ళయి ఉంటుంది. అక్కచెల్లెళ్ళ వాటా మాట ఎత్తితే ముఖం చిట్లిస్తారు. తమిళనాడులో 1989 నుంచీ, దేశమంతటా 2005 నుంచీ పిత్రార్జితంలో కూతుళ్ళకు కొడుకులతో సమాన హక్కు ఉంది. దాన్ని ఒప్పుకోకుండా చేసిన ఏ ఏర్పాటూ నిలవదు.

మా తాతగారికి తిరుచ్చులి దగ్గర ఒక కమ్మాయి గట్టున తోపు, అందులో రెండు గదుల పెంకుటిల్లు ఉన్నాయి. కార్తీక మాసంలో కమ్మాయి నిండితే మూడు వైపులా నీళ్ళు. మేము పిల్లలం దాన్ని 'తీవు' అనేవాళ్ళం. నాలుగో వైపు దారిలో బురదకు ఎడ్లబండి దిగబడేది. ఇప్పుడు దానికి వాటాదారులం తొమ్మిదిమందిమి. రెండేళ్ళ కిందట ఒకాయన మంచి ధర ఇస్తానని వచ్చాడు. అమ్మేద్దామని ఐదుగురు, వద్దని నలుగురు. మాటలు పెరిగాయి. ఊళ్ళోనే ఉన్న మా మేనత్త, ఎనభై దాటిన మనిషి, "అమ్ముకునేదుంటే అమ్ముకోండిరా. ముందు ఒక్కసారి అందరూ వచ్చి ఇక్కడ కూడు తిని పోండి" అన్నది.

అప్పుడు మేము కాగితం మీద రాసుకున్న ఏర్పాటు ఇది. మొదట పట్టా తొమ్మిది పేర్లకూ మార్చాం, అందులో ముగ్గురు ఆడవారు. తలా సమానంగా వేసుకొని బ్యాంకులో ఒక డిపాజిట్ పెట్టాం. దాని వడ్డీతోనే పెంకులు, సున్నం, సీమకరువేలం కొట్టించే కూలి. మూడేళ్ళకు ఒకరు పెద్ద, లెక్క ఆయన లేక ఆమె చెప్పాలి. మా మొదటి పెద్ద కోయంబత్తూరులోని చెల్లెలు, ఆమె లెక్కలో పైసా తేడా రాదు. కాణుం పొంగలి రోజు అందరూ అక్కడే తినాలి. చివరి షరతు నేనే రాయించాను. మూడు పొంగళ్ళకు వరుసగా సగంమంది వాటాదారులైనా రాకపోతే, ఎవరూ పట్టుపట్టకుండా అమ్మి తొమ్మిది వాటాలు పంచుకోవాలి. రాని ఇంటిని పేరుకోసం కూలబెట్టడం కంటే మర్యాదగా అమ్మడం మేలు.

ఈ షరతు విని మా పెద్దన్నకు కోపం వచ్చింది. తాత ఆస్తికి గడువు పెడతావా అన్నాడు. గడువు ఆస్తికి కాదు, మనకు అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు, తరువాత సంతకం పెట్టాడు.

మొదటి పొంగలికి పిల్లలతో కలిపి ఇరవైముగ్గురం చేరాం. కమ్మాయిలో నీళ్ళున్నాయి. అమెరికా నుంచి వచ్చిన మనవడు కొంగలను లెక్కపెడుతూ భోజనానికి పిలిస్తే రానన్నాడు. రెండవ పొంగలికి వాన తప్పింది, కమ్మాయి ఎండింది. పదకొండుమందిమే వచ్చాం, వాటాదారుల్లో ఐదుగురం. షరతు ప్రకారం అది చాలు. మా మేనత్త మాత్రం ఇరవైముగ్గురికి సరిపడా పొంగలి వండించింది. మిగిలినది ఊళ్ళో పంచాం.

వచ్చే పొంగలికి మూడవ ఏడు. డిపాజిట్ వడ్డీలో ఖర్చు పోను కొంత మిగిలింది. వంటింటి వైపు పెంకులు మార్చమని చెల్లెలు మేస్త్రీకి చెప్పి ఉంచింది.